షుగర్ జబ్బు కథ – 17: నిమిషానికి పావు డిగ్రీ

పోయిన వారం మినియాపొలిస్‌లో ఆగాం. 1966 డిసెంబర్‌లో విలియం కెల్లీ, రిచర్డ్ లిల్లెహై అనే ఇద్దరు సర్జన్లు, షుగర్ వల్ల కిడ్నీలు దెబ్బతిన్న 28 ఏళ్ల యువతికి వేరొకరి క్లోమాన్నీ కిడ్నీనీ కలిపి అమర్చారు. క్లోమం పనిచేసింది. కొద్ది రోజులు ఇన్సులిన్ సూది అవసరం కూడా లేకపోయింది. కానీ ఆమె బతుకు కొద్ది నెలలకు మించి సాగలేదు. ఆ తర్వాత చాలాకాలం క్లోమం మార్పిడి అంటే చేయి తిరిగిన సర్జన్లే జంకేవాళ్లు. వాళ్లను భయపెట్టింది ఇన్సులిన్ చేసే భాగం కాదు, దానితో ఏ సంబంధమూ లేని మిగతా క్లోమం. ఆ గ్రంథిలో నూటికి తొంభై ఎనిమిది వంతులు తిండిని అరిగించే రసాలు చేసే కణజాలమే. కుట్లలో ఎక్కడ సందు పడినా ఆ రసం కారి చుట్టూ ఉన్న మాంసాన్నే అరిగించడం మొదలుపెడుతుంది. మనకు కావలసిన లాంగర్‌హాన్స్ పుటికలు మిగిలిన ఒకటి రెండు వంతుల్లోనే ఉంటాయి.

ఆ ఒకటి రెండు వంతులనే విడదీసి రోగికి ఇస్తే సరిపోదా అన్న ప్రశ్న దగ్గర కిందటి భాగం ముగిసింది. ఆ ప్రశ్నకు ఎలుకల్లో జవాబు దొరికింది. దొరికిన వెంటనే ఓ లెక్క అడ్డం తిరిగింది. ఆ లెక్క తేల్చడానికి కొందరు చలిని ఆశ్రయించారు. ఈ వారం కథ వాళ్లది.

సెయింట్ లూయిస్ ఎలుకలు

పాల్ లేసీ సర్జన్ కాదు, పెథాలజిస్టు. సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ముందు కూర్చుని, పుటికలోని బీటా కణం ఇన్సులిన్‌ను ఎలా దాచుకుంటుందో, ఎలా బయటికి వదులుతుందో చూసిన మనిషి. ఆయనకు పుటికలు కావలసింది మొదట్లో మార్పిడి కోసం కాదు, పరిశీలన కోసమే. 1965లో పోలండ్‌లో స్టానిస్లావ్ మాస్కలెవ్‌స్కీ గినీ పిగ్ క్లోమాన్ని కొలాజినేజ్ అనే ఎంజైముతో కరిగించి పుటికలను బయటికి తీశాడు. లేసీ, ఆయన సహచరి మేరీ కోస్టియానోవ్‌స్కీ 1967లో ఆ పద్ధతిని ఎలుకకు తగినట్టు మార్చారు. క్లోమ నాళంలోకి ఉప్పు ద్రావణం ఎక్కించి గ్రంథిని ఉబ్బించడం, కత్తెరతో సన్నగా తరగడం, ఎంజైములో వేసి వెచ్చగా కుదపడం. కణాలను పట్టి ఉంచే కొలాజెన్ కరిగిపోయి, పుటికలు విడివడి అడుగుకు చేరతాయి.

చెబితే తేలికగానే ఉంటుంది. చేసేవాళ్ల పాట్లు వేరు. ఒక్కో పుటిక మిల్లీమీటరులో పదోవంతు, ఐదోవంతు ఉంటుంది. చిల్లర కణజాలం మధ్య నుంచి దాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తూ, సన్నని గాజు పిపెట్‌తో ఒక్కొక్కటిగా పీల్చి పక్కన పెట్టాలి. ఎంజైము ఎక్కువసేపు ఉంటే పుటికలే కరిగిపోతాయి, తక్కువసేపు ఉంటే విడిపడవు. కొలాజినేజ్ ఒక్కో డబ్బాకు ఒక్కో గుణం. కొత్త డబ్బా తెరిచారంటే కిందటి వారం కుదిరిన సమయం ఈ వారం కుదరదు. ఈ రంగంలో పేరున్న వ్యాసాలన్నిటి వెనకా ఇలా కళ్లు కాయలు కాసేలా పిపెట్ పట్టుకు కూర్చున్న కుర్ర పరిశోధకులు, టెక్నీషియన్లు ఉన్నారు. వాళ్ల పేర్లు చరిత్రలో అంతగా కనిపించవు.

1972లో సర్జన్ వాల్టర్ బాలింజర్, లేసీ కలిసి ఆ పుటికలను షుగర్ ఎలుకలకు ఇచ్చారు. ఎలుకకు షుగర్ తెప్పించడం అప్పటికి పెద్ద పని కాదు. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందుకు బీటా కణాలను చంపే గుణం ఉందని 1963లోనే తెలిసింది. ఓ సూది వేస్తే కొద్ది రోజుల్లో ఎలుక సీసాల కొద్దీ నీళ్లు తాగుతుంది, పంజరం అడుగున పరిచిన పొట్టు పొద్దుటికల్లా తడిసి ముద్దవుతుంది, ఎంత తిన్నా ఒళ్లు తగ్గిపోతుంది. పుటికలు పెట్టిన ఎలుకల్లో ఈ లక్షణాలు తగ్గుముఖం పట్టాయి. పంజరం శుభ్రం చేసే మనిషికి రక్త పరీక్ష ఫలితంతో పనిలేదు, పొట్టు పొడిగా ఉంటే చాలు.

అయితే ఆ ఎలుకలకు పూర్తిగా నయం కాలేదు. పుటికలను ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. చర్మం కింద పెడితే లాభం లేదు, పొట్ట లోపల వదిలితే అరకొరగా పనిచేశాయి. 1973లో అదే బృందంలోని చార్లెస్ కెంప్ తదితరులు పుటికలను కాలేయానికి రక్తం తీసుకెళ్లే పోర్టల్ సిరలోకి ఎక్కించారు. నాలుగైదు వందల పుటికలతో ఒక్క రోజులోనే ఎలుక రక్తంలో చక్కెర మామూలు స్థాయికి దిగింది. ఈ రోజుకీ మనుషుల్లో పుటికలు వెళ్లేది ఆ దారిలోనే.

ఇక్కడే లెక్క అడ్డం తిరిగింది. ఒక ఎలుక క్లోమం నుంచి చేతికి దక్కేది రెండు మూడు వందల పుటికలు. ఒక ఎలుకను బాగుచేయాలంటే రెండో మూడో ఎలుకలు ప్రాణమివ్వాలి. ప్రయోగశాలలో అది సమస్య కాదు. అక్కడివన్నీ ఒకే వంశంలో తరతరాలుగా పెంచిన, కవలల్లాంటి ఎలుకలు. ఎవరిది ఎవరికి పెట్టినా శరీరం ఎదురు తిరగదు. మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ సౌకర్యం ఉండదు. మనిషి క్లోమంలో పది లక్షల దాకా పుటికలుంటాయి. అందులో అధికభాగం ఎంజైము, వడపోత దగ్గరే పోతాయి. ఒక దాత చాలకపోవచ్చు. ఇద్దరు దాతలు ఒకే రాత్రి, ఒకే ఊళ్లో, ఒకే రక్తం గ్రూపుతో దొరకరు. మొదటి దాత క్లోమం వచ్చిన రాత్రే పుటికలు తీయాలి, తీసిన కొద్దిసేపటికే వాడాలి. రోగిని పిలిపించడానికి, కణాల పొంతన చూడటానికి, తీసిన సరుకులో సూక్ష్మజీవులు చేరాయేమో పరీక్షించడానికి వ్యవధి లేదు. మిన్నెసోటాలో జాన్ నజారియన్, డేవిడ్ సదర్లాండ్ 1974లోనే మనుషుల్లో పుటికల మార్పిడి మొదలుపెట్టారు. ఇన్సులిన్ మానేయగలిగిన రోగి ఒక్కరూ తేలలేదు.

మొదటి దాత పుటికలను దాచిపెట్టి, రెండో దాత దొరికాక రెండూ కలిపి ఇవ్వగలిగితే? క్లోమపు కణజాలాన్ని గడ్డకట్టించాలన్న ఆలోచన పుట్టిన చోటు ఇదే. ఈ సంగతి నొక్కి చెప్పడానికి కారణముంది. గడ్డకట్టించడం అనగానే చాలామంది ప్రాణాన్ని కలకాలం దాచుకునే కలల గురించి రాస్తారు. పుటికల విషయంలో ఆ కలలేమీ లేవు. ఇది కేవలం సరుకు చాలని వాళ్ల కూడిక లెక్క.

తప్పు చీటీ అంటించిన సీసా

కణాలను గడ్డకట్టించి బతికించే విద్య క్లోమం కోసం పుట్టలేదు. కోడిపుంజు కోసం పుట్టింది. 1940ల చివర్లో లండన్ శివారు మిల్ హిల్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో అలన్ పార్క్స్ అనే పెద్దాయన దగ్గర క్రిస్టఫర్ పోల్జ్, ఆడ్రీ స్మిత్ పుంజు వీర్యాన్ని గడ్డకట్టించి నిలవ చేయాలని చూస్తున్నారు. పండ్ల చక్కెర ద్రావణంలో వేసి చల్లబరుస్తున్నారు. ఫలితం అంతంత మాత్రం. కొన్ని నెలల తర్వాత పోల్జ్ చలిగదిలో దాచిన పాత సీసా తీసి మళ్లీ ప్రయత్నిస్తే, గడ్డ కరిగాక కణాలు చురుగ్గా ఈదాయి. కొత్తగా కలిపిన చక్కెర ద్రావణంతో చేస్తే మళ్లీ పాత కథే. సీసా అడుగున మిగిలిన కాస్త ద్రావణాన్ని రసాయన పరీక్షకు పంపితే అందులో చక్కెరే లేదని తేలింది. ఉన్నది గ్లిజరాల్, గుడ్డు తెల్లసొన లాంటి ప్రొటీను. మైక్రోస్కోప్ గాజు పలకలకు కణజాలాన్ని అంటించడానికి వాడే ద్రవం అది. ఎవరో సీసాల చీటీలు తారుమారు చేశారు. 1949లో ఆ ఫలితం నేచర్ పత్రికలో అచ్చయింది.

మన ఊళ్లకు ఈ కథ ఎప్పుడో చేరింది. మోటారు సైకిల్ వెనక ద్రవ నత్రజని డబ్బా కట్టుకుని, ఎదకొచ్చిన గేదె ఉన్న ఇంటికి వచ్చే గోపాలమిత్ర అందులోంచి వీర్యం నింపిన సన్నని గొట్టాన్ని తీసి గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ముంచుతాడు చూశారా, ఆ గొట్టంలో వీర్యంతో పాటు ఉండేది ఆ గ్లిజరాలే.

గ్లిజరాల్ ఎలా కాపాడుతుందో తేల్చింది అదే సంస్థలోని జేమ్స్ లవ్‌లాక్. భూమి మొత్తం ఒక జీవిలా నడుస్తుందన్న గాయా సిద్ధాంతంతో తర్వాత లోకమంతా పేరు తెచ్చుకున్న లవ్‌లాక్ ఈయనే. ఆ రోజుల్లో ఆడ్రీ స్మిత్‌తో కలిసి హ్యామ్‌స్టర్లను ఒంట్లో నీరు సగం మంచయ్యేదాకా చల్లబరిచి, మైక్రోవేవ్‌లతో వెచ్చబెట్టి లేపుతుండేవాడు. ఆ మైక్రోవేవ్‌లు ఈ కథలో మళ్లీ వస్తాయి.

కణాన్ని చంపేది చలి ఒక్కటే అనుకుంటాం. లవ్‌లాక్ 1953 ప్రాంతంలో ఎర్ర రక్తకణాల మీద పనిచేసి వేరే మాట చెప్పాడు. ద్రావణం చల్లబడినప్పుడు మొదట గడ్డకట్టేది కణం బయట ఉన్న నీరు. మంచులోకి ఉప్పు వెళ్లదు. మిగిలిన కాస్త నీళ్లలో ఉప్పు చిక్కబడుతుంది. ఆ ఉప్పు కణంలోని నీటిని బయటికి లాగుతుంది. మాగాయకు ఉప్పు పట్టించిన మామిడి ముక్క ఊటంతా వదిలి ముడుచుకుపోయినట్టు, కణం ముడుచుకుపోయి దాని పొర దెబ్బతింటుంది. గ్లిజరాల్ ఉంటే అంత నీరు మంచుగా మారదు, ఉప్పు అంతగా చిక్కబడదు. 1959లో లవ్‌లాక్, బిషప్ అనే మరో శాస్త్రవేత్త కలిసి ఇంకో రసాయనాన్ని ముందుకు తెచ్చారు. అది డైమిథైల్ సల్ఫాక్సైడ్, పొట్టిగా డీఎంఎస్ఓ. కాగితపు గుజ్జు పరిశ్రమలో పక్కదారిన పుట్టే సరుకు. చర్మానికి తగిలితే కాసేపటికి నోట్లో వెల్లుల్లి రుచి తెలుస్తుంది, అంత సులువుగా ఒంట్లోకి చొరబడుతుంది. గ్లిజరాల్ కంటే త్వరగా కణంలోకి వెళ్లడమే దాని గొప్ప. పుటికల కథంతా ఈ డీఎంఎస్ఓ మీదే నడిచింది.

ఓక్ రిడ్జ్‌లో పుట్టిన ఎలుక పిల్లలు

టెన్నెసీ రాష్ట్రంలోని ఓక్ రిడ్జ్ రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు కోసం రహస్యంగా కట్టిన ఊరు. యుద్ధం అయ్యాక అక్కడి జాతీయ ప్రయోగశాలలో రేడియేషన్ జన్యువులను ఎలా మారుస్తుందో చూడటానికి వేల కొద్దీ ఎలుకలను పెంచారు. ఒక్కో మార్పుకు ఒక్కో వంశం. ఒక్కో వంశానికి పంజరాలు, మేత, చూసుకునే మనుషులు. వాటిని బతికి ఉన్న ఎలుకలుగా కాక గడ్డకట్టిన పిండాలుగా దాచుకోగలిగితే ఎంత తెరిపి!

అక్కడ పనిచేసే పీటర్ మజూర్ 1963లోనే ఒక లెక్క వేసిపెట్టాడు. చాలా మెల్లగా చల్లబరిస్తే కణం చిక్కటి ఉప్పు నీళ్లలో చాలాసేపు ఉండి చస్తుంది. చాలా వేగంగా చల్లబరిస్తే లోపలి నీటికి బయటికి వెళ్లే సమయం చాలక అక్కడే మంచు కట్టి కణాన్ని చంపుతుంది. ఈ రెండు చావుల మధ్య ఒక వేగం ఉంటుంది. అది కణాన్ని బట్టి మారుతుంది. ఎర్ర కణానికి ఎంతో వేగం కావాలి, పిండానికి ఎంతో నిదానం కావాలి. 1972లో మజూర్, స్టాన్లీ లీబో, ఇంగ్లండ్ నుంచి వచ్చిన డేవిడ్ విటింగ్‌హామ్ కలిసి డీఎంఎస్ఓలో ముంచిన ఎలుక పిండాలను నిమిషానికి ఒక డిగ్రీ లోపూ, కాస్త మించీ చల్లబరిచి, ద్రవ నత్రజని ఉష్ణోగ్రత -196 డిగ్రీల దాకా, ఆ తర్వాత ద్రవ హీలియం -269 దాకా తీసుకెళ్లారు. కరిగించి తల్లి ఎలుకల్లో పెడితే పిల్లలు పుట్టాయి. లేసీ, బాలింజర్ల ఎలుకలు షుగర్ నుంచి తేరుకున్న సంవత్సరం కూడా అదే.

అయితే ఎలుక పిండంలో ఉండేవి ఎనిమిది కణాలో పదహారో. ఒక పుటికలో వెయ్యి, రెండు వేల కణాలుంటాయి. ఎలుక పుటికలో ఇన్సులిన్ చేసే బీటా కణాలుండేది నడిమధ్యలో. అక్కడిదాకా డీఎంఎస్ఓ చేరాలి, అక్కడి నీరు బయటికి రావాలి. పైగా కరిగించిన పుటిక మైక్రోస్కోప్ కింద నిగనిగలాడితే సరిపోదు. చుట్టూ చక్కెర పెరిగినప్పుడు ఇన్సులిన్ వదలాలి, తగ్గినప్పుడు ఆపాలి.

మజూర్ అందుకే ముందు వేరే దారి పట్టాడు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జోసియా బ్రౌన్, యోకో ముల్లెన్ తదితరులు 1974లో ఎదిగిన ఎలుక పుటికలను పక్కనపెట్టి, పుట్టని ఎలుక పిల్లల క్లోమాలను షుగర్ ఎలుకల్లో పెట్టి జబ్బు తగ్గించారు. పిండపు క్లోమంలో అరుగుదల రసాల గొడవ ఇంకా మొదలవదు. పెట్టిన చోట ఆ భాగం క్షీణించిపోయి పుటికలు మాత్రం పెరుగుతాయి. ఎంజైములూ పిపెట్లూ అక్కర్లేదు. 1976లో మజూర్ బృందం ఆ పిండపు క్లోమాలను డీఎంఎస్ఓతో మెల్లగా -78కీ, -196కీ దింపి బతికించింది. మరుసటి ఏడు బ్రౌన్ బృందంతో కలిసి, గడ్డకట్టి కరిగిన ఆ క్లోమాలు షుగర్ ఎలుకలను బాగుచేయగలవని చూపించింది.

సాంకేతికంగా అది చక్కటి విజయం. కానీ నా అంచనాలో ఆ దారి మొదటి నుంచీ ఇరుకే. ఎలుకలో పిండాల నుంచి క్లోమాలు తీయడం చీమంత పని, మనిషిలో అది చట్టానికీ నీతికీ నిప్పంటించే వ్యవహారం. ఒక కుర్ర ఇంజినీరు కెనడాలో కూర్చుని ఎదిగిన పుటికల మీదే పట్టుబట్టడం వల్ల ఆ గొడవ అవసరమే తప్పింది.

ఎడ్మంటన్ ఇంజినీరు

రే రాజొట్ డాక్టరు కాదు. ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివాడు. ఎడ్మంటన్ ఊళ్లో చలికాలం -30 అంటే మామూలు మాట, ఒక్కోసారి -40 కూడా చూస్తారు. ఆ విశ్వవిద్యాలయంలో వాస్ అనే ఇంజినీరింగ్ ఆచార్యుడు మైక్రోవేవ్‌లతో వేడి చేసే పరికరాల మీద పనిచేసేవాడు. కిడ్నీ వైద్యుడు జాన్ డాసెటర్‌కు కిడ్నీలను గడ్డకట్టించి దాచాలన్న ఆశ. ఈ ఇద్దరి మధ్య రాజొట్ పడ్డాడు. మిల్ హిల్‌లో హ్యామ్‌స్టర్లను వెచ్చబెట్టిన మైక్రోవేవ్ ఇక్కడ గడ్డకట్టిన కుక్క కిడ్నీని కరిగించడానికి పనికొచ్చింది. 1974లో ఆ ప్రయోగాల మీద వ్యాసం వచ్చింది. అది అచ్చయినది వైద్య పత్రికలో కాదు, ఎలక్ట్రికల్ ఇంజినీర్ల పత్రికలో.

పెద్ద అవయవం చలికి లొంగలేదు. కిడ్నీలో ఒక మూల మెల్లగా, ఒక మూల వేగంగా చల్లబడుతుంది. వెచ్చబెట్టేటప్పుడూ అంతే. మజూర్ చెప్పిన ఆ ఒక్క సరైన వేగం అంత పెద్ద ముద్దలో అంతటా ఒకేలా ఉండదు. అవయవంగా కాక చిన్న చిన్న గుత్తులుగా ఉండే కణజాలం కావాలి. పుటిక సరిగ్గా అలాంటిదే. రాజొట్, డాసెటర్, వాస్ తదితరులు 1977లో గడ్డకట్టి కరిగిన ఎలుక పుటికలు బతికి ఉన్నాయన్న వ్యాసం అచ్చువేశారు.

తర్వాతి ఐదారేళ్లు రాజొట్ చేసినదంతా వేగాలను సవరించుకోవడమే. 1980ల తొలినాళ్లకు ఆయన పద్ధతి ఓ కొలిక్కి వచ్చింది. ఇందులో ప్రతి మెట్టు వెనకా చచ్చిన పుటికలున్నాయి కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

ముందు పుటికలకు డీఎంఎస్ఓను విడతలు విడతలుగా, 2 మోలార్ దాకా అలవాటు చేస్తారు. ఒక్కసారే పోస్తే కణాలు ఆ దెబ్బకే పోతాయి. తర్వాత -7.4 డిగ్రీలకు దింపుతారు. ఇంత చల్లబడినా ద్రావణం గడ్డకట్టకుండా మొండికేస్తుంది. ఎప్పుడో తనకు తోచినప్పుడు ఒక్కసారిగా గడ్డకడితే లోపలి కణాలకు చావే. అందుకే ఆ -7.4 దగ్గర కావాలని మంచు మొలకెత్తిస్తారు. మంచు పుట్టేటప్పుడు వేడి విడుదలవుతుంది. గొట్టంలో ఉష్ణోగ్రత పైకి లేచి మళ్లీ దిగేదాకా ఆగాలి. అక్కడి నుంచి అసలు నిదానం మొదలు. నిమిషానికి పావు డిగ్రీ చొప్పున -40 దాకా. లెక్కేస్తే రెండు గంటల పది నిమిషాలు. ఆ వ్యవధిలో పుటిక నడిమధ్యలో ఉన్న బీటా కణం కూడా తన నీటిని బయటికి పంపేసుకుంటుంది. -40 దగ్గర ఓపిక చాలించి, గొట్టాన్ని నేరుగా ద్రవ నత్రజనిలో ముంచేస్తారు. అక్కడ అది నెలలున్నా ఏళ్లున్నా ఒకటే.

కరిగించడం దీనికి పూర్తిగా తిరకాసు. నిమిషానికి 200 డిగ్రీల వేగం. అంటే ఒక్క నిమిషంలో పని ముగియాలి. ఎందుకంటే -40 నుంచి నత్రజనిలోకి దూకేటప్పుడు కణంలో మిగిలిన కాస్త నీరు ఇసుక రేణువుల కన్నా సన్నని మంచుగా మారి ఉంటుంది. మెల్లగా వెచ్చబెడితే ఆ రేణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై పొరల్ని చీలుస్తాయి. వాటికి ఆ అవకాశం ఇవ్వకూడదు. మజూర్ బృందం పిండాలను మెల్లగా చల్లబరిచి మెల్లగానే కరిగించింది. రాజొట్ మెల్లగా చల్లబరిచి వేగంగా కరిగించాడు. చాలాకాలం ఈ రంగంలో ఇదో తగవు. ఎవరి కణాల మీద వాళ్లు చేసిన లెక్క కాబట్టి ఇద్దరూ ఒప్పే అని తర్వాత తేలింది.

కరిగాక ఇంకో గండం. లోపల నిండిన డీఎంఎస్ఓను తీసేయాలని పుటికను ఒక్కసారిగా మామూలు ద్రావణంలో వేస్తే, బయటి నీరు లోపలికి దూసుకెళ్లి కణం ఉబ్బి పగులుతుంది. బయటి ద్రావణంలో పంచదార కలిపి ఆ ఉరవడిని ఆపారు. ప్రయోగశాల దాటితే షుగర్ రోగికి పంచదార నిషేధం. లోపల మాత్రం ఇన్సులిన్ కణాన్ని కాపాడింది పంచదారే!

ఈ నిదానానికి ఎదురు వాదం కూడా ఉంది. లేసీ ఉన్న నగరంలోనే నలభై ఏళ్ల కిందట, సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో బాసిల్ లూయెట్ అనే స్విస్ క్యాథలిక్ పాదరీ వేరే కల కన్నాడు. ఊహకందనంత వేగంగా చల్లబరిస్తే నీరు మంచు కాకుండానే గాజులా గట్టిపడుతుంది, మంచు లేకపోతే చావూ లేదు అన్నది ఆయన వాదం. 1940లో దాని మీద పుస్తకం రాశాడు. ఆయన చేతిలో ఉన్న పరికరాలతో ఆ వేగం సాధ్యం కాలేదు. నిదానం వాళ్లే అప్పటికి గెలిచారు. వేగం వాళ్ల వంతు చాలా ఆలస్యంగా, 2022లో మిన్నెసోటాలో వచ్చింది. అక్కడ జాన్ బిషాఫ్, ఎరిక్ ఫింగర్ బృందం సన్నని నైలాన్ జాలీ మీద పుటికలను పరిచి, ద్రవాన్ని దాదాపు పూర్తిగా తీసేసి గాజుగా మార్చింది. అలా తొమ్మిది నెలలు దాచిన పుటికలు కూడా పనిచేశాయి. దాని సంగతి దాని చోట చెప్పుకుందాం.

డబ్బాలో ప్రయాణం, కుక్కల పాఠం

1981లో క్రయోబయాలజీ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం శీర్షికలోనే పుటికల బ్యాంకు అన్న మాట ఉంది. రాజొట్‌తో పాటు సెయింట్ లూయిస్ వాళ్లు డేవిడ్ షార్ప్, బాలింజర్ కూడా అందులో భాగస్వాములు. గడ్డకట్టించిన ఎలుక పుటికలను ఒక కేంద్రం నుంచి మరో కేంద్రానికి పంపి, అక్కడ కరిగించి, షుగర్ ఎలుకలకు పెట్టారు. ఎలుకలకు నయమైంది. ఎలుక కాదు, సర్జన్ కాదు, నత్రజని డబ్బా ప్రయాణం చేసింది. పుటికలను ఒక ఊళ్లో తీసి, ఇంకో ఊళ్లో కావలసినప్పుడు వాడుకోవచ్చని ఆ డబ్బా రుజువు చేసింది.

ఎలుక తర్వాత కుక్క. ఇక్కడ అంతా మొరాయించింది. కుక్క క్లోమం పీచుపీచుగా, గట్టిగా ఉంటుంది. ఎలుకకు కుదిరిన ఎంజైము దీనికి చాలదు. శుభ్రమైన పుటికలు చేతికి రావు, అరుగుదల కణజాలంతో కలగలిసిన ముక్కలే వస్తాయి. ఆ ముక్కల్ని పోర్టల్ సిరలోకి ఎక్కిస్తే కాలేయంలో రక్తం ఆగిపోయి కుక్క ప్రాణం మీదికి వస్తుంది. 1976లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో మిర్కోవిచ్, కాంపిష్ అనే ఇద్దరు మరో చోటు కనిపెట్టారు. కుక్క క్లోమాన్ని పూర్తిగా తీసేసి, ముక్కలు చేసి, అదే కుక్క ప్లీహంలోకి ఎక్కించారు. షుగర్ రాలేదు. ప్లీహం మెత్తటి స్పాంజి లాంటి అవయవం, ముక్కలు దాని సందుల్లో ఇమిడిపోయాయి.

1983లో ఎడ్మంటన్‌లో రాజొట్, సర్జన్ గార్త్ వార్నాక్ గడ్డకట్టించిన కుక్క క్లోమపు ముక్కలతో ప్రయోగాలు చేశారు. ఆ క్రమంలో ఎవరూ ఎదురుచూడని సంగతి ఒకటి బయటపడింది. నిమిషానికి పావు డిగ్రీ నిదానం పుటికలకు సరిపడింది కానీ, అరుగుదల రసాలు చేసే కణాలకు సరిపడలేదు. గడ్డకట్టి కరిగేసరికి అవి చాలావరకు చచ్చిపోయాయి, పుటికలు మిగిలాయి. కెల్లీ, లిల్లెహైలను భయపెట్టిన ఆ తొంభై ఎనిమిది వంతులను చలి వడగట్టేసింది. ఎడ్మంటన్ బృందం 1987లో అచ్చువేసిన వ్యాసం శీర్షికలో ఇదే మాట ఉంది: గడ్డకట్టించడం కుక్క క్లోమపు ముక్కలను శుభ్రం చేస్తుంది. దాచుకోవడానికి పెట్టుకున్న చలి ఏరడానికి కూడా పనికొచ్చింది.

ఇదంతా ఎలుకలు, కుక్కల ప్రాణాలతో సాగిన పని. ఆ కాలపు వ్యాసాల్లో వాటి లెక్క పట్టికల్లో ఒక గడిగా మాత్రమే కనిపిస్తుంది. ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్, బెస్ట్‌ల కుక్కల గురించి రాసినంతగా ఈ కుక్కల గురించి ఎవరూ రాయలేదు.

ఈలోగా లేసీ ఊరుకోలేదు. 1979లో ఆయన పుటికలను గడ్డకట్టించకుండా, 24 డిగ్రీల చల్లటి గదిలో వారం రోజులు పెంచి, ఆ తర్వాత వేరే వంశపు ఎలుకలకు పెట్టాడు. శరీరం వాటిని తిప్పికొట్టడం బాగా తగ్గింది. పుటికల్లో దాగి దాత నుంచి వెంట వచ్చే తెల్ల రక్తకణాలు ఆ వారంలో తగ్గిపోవడమే దానికి కారణమని ఆయన బృందం భావించింది. దాంతో కొత్త తగవు మొదలైంది. చలిలో దాచడమా, గదిలో పెంచడమా? ఒక వైపు నెలల వ్యవధి, కానీ కరిగించేటప్పుడు కొంత సరుకు నష్టం. ఇంకో వైపు వారం వ్యవధే, కానీ శరీరం తిరగబడే బెడద తక్కువ. గడ్డకట్టించడం కూడా ఆ తెల్లకణాలను చంపుతుందేమోనని ఎడ్మంటన్ వాళ్లు ఎలుకల్లో పరీక్షిస్తూ పోయారు. నష్టం లెక్క మాత్రం వాళ్లను వదల్లేదు. గడ్డకట్టి కరిగిన పుటికల్లో చెప్పుకోదగ్గ వాటా పోతుంది, పని చేసేవి కూడా తాజా వాటి కంటే కాస్త నెమ్మదిగా పనిచేస్తాయి. చాలని సరుకును పోగేయడానికి పెట్టుకున్న పద్ధతే అందులో కొంత తినేస్తోంది. మనిషి దగ్గర ఈ కూడిక కలిసి వస్తుందా రాదా అన్నది ఎలుకలూ కుక్కలూ తేల్చలేని ప్రశ్న.

1980ల చివరికి ఎడ్మంటన్‌లో రాజొట్ నత్రజని డబ్బాల్లో మనిషి పుటికలు చేరడం మొదలైంది. వార్నాక్ మొదటి రోగులను సిద్ధం చేస్తున్నాడు. అదే సమయంలో సెయింట్ లూయిస్‌లో లేసీ దగ్గర కమిల్లో రికార్డీ అనే ఇటలీ కుర్రాడు, క్లోమాన్ని కుదుపుతూ పుటికలను రాబట్టే ఒక పరికరం తయారుచేస్తున్నాడు. ఇన్సులిన్ సూది లేకుండా బతికే మొదటి పుటికల రోగిని ఎవరు ముందు చూపిస్తారన్న పందెంలో సెయింట్ లూయిస్ ఎలా గెలిచింది, తాజా పుటికలకు గడ్డకట్టించిన పుటికలు జోడించి ఎడ్మంటన్ ఎలా వెన్నంటి వచ్చింది, ఆ తర్వాత అదే ఎడ్మంటన్‌లో జేమ్స్ షాపిరో అనే సర్జన్ 2000లో నత్రజని డబ్బాల వైపు చూడకుండానే ఏడుగురు రోగులతో లోకాన్ని ఎలా నివ్వెరపరిచాడు అన్నది వచ్చే వారం.